ప్రభుత్వ వకీలు ఎవరికి జవాబుదారీ?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాల్లో భూమి తగాదాలు, వీలునామాలు, భరణం కేసులే ఎక్కువ. ఈమధ్య వచ్చిన కట్టలో మాత్రం సగానికి పైగా ఉత్తరాలు ఒకే విషయం మీద ఉన్నాయి. ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడే పెద్ద వకీళ్లు, అంటే అటార్నీ జనరల్, అడ్వకేట్ జనరల్ మొదలుకొని జిల్లా కోర్టులోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ దాకా, ఎవరికి లోబడి పనిచేస్తున్నారని, తప్పు చేస్తే అడిగే నాథుడు ఎవరని పాఠకులు కోపంగానే అడిగారు. కొన్ని ఉత్తరాల్లో వ్యక్తుల పేర్లు, ఆరోపణలు ఉన్నాయి. నిరూపణ లేని ఆరోపణను అచ్చువేయడం న్యాయం కాదు కాబట్టి వాటిని తీసేసి, అడిగిన ప్రశ్నను మాత్రం ఉంచాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. పదవీ విరమణ ప్రయోజనాల లెక్క తప్పిందని హైకోర్టులో రిట్ వేసి మూడేళ్లయింది. కేసు పిలిచిన ప్రతిసారీ ప్రభుత్వ ప్లీడరు లేచి ‘ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు, సమయం కావాలి’ అంటారు, వాయిదా పడుతుంది. ఇంతవరకు కౌంటరు, అంటే ప్రభుత్వం రాతపూర్వకంగా ఇవ్వవలసిన జవాబు, దాఖలు కాలేదు. నేను కట్టిన పన్నుతో ఫీజు తీసుకుంటున్న మనిషి నా మీదే ఇలా కాలయాపన చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. అయితే మీ కోపాన్ని ఎవరి మీద ఎంత చూపించాలో తేల్చుకోవడానికి ఆ ‘ఇన్‌స్ట్రక్షన్స్’ అనే మాట వెనుక ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. మీ రిట్ కాపీ అందగానే ప్రభుత్వ ప్లీడరు కార్యాలయం సంబంధిత శాఖకు లేఖ రాసి, పిటిషన్‌లోని ఒక్కొక్క పేరాకు శాఖ ఏమంటుందో తెలపమని అడుగుతుంది. వీటినే పేరావైజ్ రిమార్క్స్ అంటారు. ఆ లేఖ సచివాలయం నుంచి డైరెక్టరేట్‌కు, అక్కడి నుంచి జిల్లా కార్యాలయానికి, చివరకు మీ సర్వీసు రిజిస్టరు బీరువాలో ఉన్న గుమాస్తా బల్ల మీదికి చేరాలి, మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. మధ్యలో ఏ ఒక్క బల్ల మీద ఆగినా, కోర్టులో లేచి నిలబడే ప్లీడరు చేతిలో మీ కేసు కాగితాలు తప్ప మరేమీ ఉండవు. కాబట్టి మూడేళ్ల ఆలస్యంలో ఎక్కువ పాలు శాఖదే కావచ్చు.

అలాగని ప్లీడరును పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు. మొదటి వాయిదాకు ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదనడం నిజం కావచ్చు, రెండోసారీ కావచ్చు. పదోసారి కూడా అదే మాట చెబుతున్న న్యాయవాది, శాఖ నిర్లక్ష్యాన్ని కోర్టు ముందు పెట్టకుండా తన నల్లకోటుతో కప్పుతున్నట్టే. ప్రభుత్వ న్యాయవాది అందరి వకీళ్ల వంటి వకీలు కాడు. అతని కక్షిదారు రాజ్యం. పౌరుడికి న్యాయంగా రావలసిన సొమ్మును సాగదీసి ఎగవేయడంలో రాజ్యానికి ప్రయోజనం ఏముంటుంది? కేంద్రం 2010లో ప్రకటించిన జాతీయ లిటిగేషన్ విధానం కూడా ప్రభుత్వం ‘బాధ్యతాయుతమైన కక్షిదారు’గా మెలగాలనే చెప్పింది. ఆ మాట కాగితం మీద ఉండిపోయిందన్నది వేరే సంగతి.

మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ కేసులోని డాకెట్ ఆర్డర్లన్నీ, అంటే ప్రతి వాయిదాకు కోర్టు రాసిన ఉత్తర్వులన్నీ, హైకోర్టు వెబ్‌సైట్ నుంచి తీయించండి. ఏ తేదీన ఎవరు సమయం అడిగారో, ఎన్ని వారాలు ఇచ్చారో ఒక పట్టికగా రాయించి, కౌంటరు దాఖలుకు చివరి అవకాశం ఇవ్వమని, అప్పటికీ రాకపోతే మీ అఫిడవిట్‌లోని అంశాలను ఎవరూ ఖండించనట్టుగా భావించి విచారించమని మీ న్యాయవాది చేత మెమో వేయించండి. వాయిదాకు ఖర్చులు విధించమని అడగవచ్చు. సంబంధిత అధికారి స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చేలా చూడమనీ అడగవచ్చు. అవి ఇవ్వడం, ఇవ్వకపోవడం న్యాయమూర్తి ఇష్టం. అయితే అధికారి పేరు కోర్టు ఉత్తర్వులోకి ఎక్కుతుందని తెలిసిన రోజున, ఆగిపోయిన ఫైలుకు కాళ్లు వస్తాయి.

ప్రశ్న: న్యాయమూర్తులను తొలగించాలంటే పార్లమెంటులో తీర్మానం కావాలంటారు. అటార్నీ జనరల్‌ను, అడ్వకేట్ జనరల్‌ను తొలగించడానికి ఏం చేయాలి?

జవాబు: ప్రభుత్వం తలచుకుంటే చాలు. అటార్నీ జనరల్ పదవి రాజ్యాంగం 76వ అధికరణం కిందిది, అడ్వకేట్ జనరల్‌ది 165వ అధికరణం. మొదటి పదవికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత, రెండో దానికి హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత ఉండాలి. అర్హత న్యాయమూర్తిదే అయినా భద్రత మాత్రం న్యాయమూర్తిది కాదు. ఒకరు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం, మరొకరు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం కొనసాగుతారు. ఆ ఇష్టం ఆచరణలో మంత్రిమండలిదే. అందుకే ప్రభుత్వం మారగానే వీరు రాజీనామా చేయడం ఆనవాయితీ అయింది. అటార్నీ జనరల్ తర్వాతి స్థాయిలో ఉండే సొలిసిటర్ జనరల్, అదనపు సొలిసిటర్ జనరల్ పదవుల ప్రస్తావన రాజ్యాంగంలో లేనే లేదు. అవి నిబంధనల మీద నడిచే పదవులు.

మీ ప్రశ్నలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీరిని తొలగించడం కష్టమై జవాబుదారీతనం లేకుండా పోలేదు. తొలగించడం ఒకే ఒక్కరి చేతిలో మరీ సులువుగా ఉండడం వల్ల, ఆ ఒక్కరికే జవాబు చెప్పుకునే స్థితి వచ్చింది. ప్రభుత్వానికి నచ్చని సలహా ఇచ్చిన అడ్వకేట్ జనరల్ మర్నాడు ఉండకపోవచ్చు, ప్రజలకు నష్టం చేసే వాదన వినిపించినవారు నిశ్చింతగా ఉండవచ్చు. 88, 177 అధికరణాల కింద వీరికి చట్టసభలో మాట్లాడే హక్కు ఉంది, ఓటు మాత్రం లేదు. అంటే ప్రజాప్రతినిధులు పట్టుబడితే, ఒక చట్టం మీద తమ అభిప్రాయాన్ని వీరు సభలోనే చెప్పేలా చేయవచ్చు. మన శాసనసభ్యులకు వాకౌట్ మీద ఉన్న శ్రద్ధ ఈ అధికరణం మీద కనిపించదు.

ప్రశ్న: వీరు ప్రైవేటు కేసులు కూడా వాదించవచ్చా?

జవాబు: కేంద్ర న్యాయాధికారులకు 1987 నాటి సర్వీసు నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం భారత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ప్రభుత్వ అనుమతి లేకుండా క్రిమినల్ కేసులో నిందితుడి తరఫున వాదించకూడదు, కంపెనీల్లో పదవి తీసుకోకూడదు. కొన్ని మినహాయింపులు పోను ప్రైవేటు కక్షిదారుల కేసులు పట్టకూడదు. నిబంధన గట్టిదే. అయితే అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే, ఉల్లంఘిస్తే అడగవలసిందీ ప్రభుత్వమే. ఇచ్చిన అనుమతుల జాబితాను ఎప్పటికప్పుడు బయట పెడితే సగం అనుమానాలు తీరిపోతాయి.

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం మూడో సంవత్సరం విద్యార్థిని. ప్రభుత్వం చెప్పమన్న వాదన అన్యాయమని తెలిసినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఏం చేయాలి? ‘నేను కక్షిదారు మాటే చెప్పాను’ అంటే సరిపోతుందా? ఈ విషయంలో మన చరిత్రలో ఆదర్శంగా చెప్పుకోదగిన వారున్నారా?

జవాబు: ఉన్నారు, అందుకు విరుద్ధమైనవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే కాలానికి చెందినవారు కావడం వల్ల మీ ప్రశ్నకు జవాబు చెప్పడం సులువైంది.

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. అప్పుడు అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉన్న ఫాలీ నారిమన్ జూన్ 27న రాజీనామా చేశారు. ఊరేగింపు, ప్రకటనల హడావిడి లేకుండా పదవి వదిలేశారు. ఆ సమయంలో ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో మీ తాతల తరాన్ని అడగండి. పదవి నుంచి తప్పుకుంటే ఇక మాట్లాడే అవకాశం పోతుంది కదా, లోపలే ఉండి మంచి చెప్పవచ్చు కదా అనే వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. లోపలే ఉండిపోయినవారు ఏ మాట పలకవలసి వచ్చిందో ఆ తర్వాతి కేసులో కనిపించింది.

నిర్బంధంలో ఉన్నవారు హెబియస్ కార్పస్ కోసం, అంటే తమను కోర్టు ముందు హాజరుపరచి నిర్బంధానికి కారణం చూపించాలనే ఆదేశం కోసం, కోర్టుకు వెళ్లవచ్చా అన్నదే ఏడీఎం జబల్పూర్ కేసు. కేంద్రం తరఫున అటార్నీ జనరల్ నిరెన్ డే వాదించారు. ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణం అమలు ఆగిపోయింది కాబట్టి కోర్టు తలుపు తట్టే హక్కే లేదన్నది ఆయన వాదన. అప్పుడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక ప్రశ్న వేశారు. ఒక పోలీసు అధికారి, ప్రభుత్వ అవసరం కోసం కాకుండా తన సొంత కక్షతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా దిక్కు లేదా అని అడిగారు. తన వాదన ప్రకారం అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం లేదనే అటార్నీ జనరల్ జవాబిచ్చారు. ఆ వాదన తన మనస్సాక్షికీ కలవరం కలిగిస్తోందని ఒప్పుకుంటూనే ఆ మాట అన్నారు. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పారు, ఖన్నా ఒక్కరే విభేదించారు. తర్వాత 1978 నాటి 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతం 20, 21 అధికరణాల అమలును ఆపడానికి వీల్లేకుండా చేసింది. ఆ మెజారిటీ తీర్పును సుప్రీంకోర్టు 2017లో గోప్యత హక్కు కేసులో కొట్టివేసింది.

నేనైతే నిరెన్ డేను దుర్మార్గుడని అనను. తన వాదన ఎక్కడికి దారితీస్తుందో దాచకుండా చెప్పడంలో ఒక రకమైన నిజాయతీ ఉంది, ఆ జవాబు వల్లనే ఆ కేసు అసలు స్వరూపం లోకానికి తెలిసింది. కానీ మనస్సాక్షి కలవరపడినప్పుడు ఆ కలవరాన్ని కోర్టులో ఒప్పుకోవడంతో బాధ్యత తీరిపోతుందా? మామూలు వకీలు తన కక్షిదారు మాట చెప్పి కూర్చోవచ్చు, అది అతని వృత్తిధర్మం. అటార్నీ జనరల్ కక్షిదారు మాత్రం ఆ మంత్రివర్గం ఒక్కటే కాదు. ఆ రోజు ఖైదులో ఉన్నవారు కూడా ఆయన ప్రాతినిధ్యం వహించే గణతంత్రంలోని పౌరులే. మీరు రేపు ఏ ప్రభుత్వ న్యాయవాది పదవిలో కూర్చున్నా, ఫైలు తెరిచేటప్పుడు ఈ తేడా గుర్తుంటే మీకు రాజీనామా లేఖ రాసే అవసరం చాలావరకు రాదు, ఎందుకంటే చెప్పకూడని వాదనను మొదట సలహా దశలోనే రాతపూర్వకంగా కాదంటారు.

మరో ఉదాహరణ 2013 నాటిది. బొగ్గు గనుల కేటాయింపు కేసులో సీబీఐ నివేదికను రాజకీయ నాయకత్వానికి చూపించలేదని అదనపు సొలిసిటర్ జనరల్ హరీన్ రావల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. కొన్ని వారాలకే, ముసాయిదాను న్యాయశాఖ మంత్రితోపాటు ప్రధాని కార్యాలయం, బొగ్గు శాఖ అధికారులు కూడా చూశారని సీబీఐ డైరెక్టరే ప్రమాణపత్రం దాఖలు చేశారు. ఏప్రిల్ 30న రావల్ రాజీనామా చేశారు. మే నెలలో సుప్రీంకోర్టు సీబీఐని ‘పంజరంలో చిలుక’ అన్నది, న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ పదవి వదిలారు. కోర్టులో న్యాయాధికారి చెప్పిన ఒక్క వాక్యం నిజం కాకపోవడంతో ఇంత జరిగింది. న్యాయమూర్తి ఆ మనిషి మాటను ప్రమాణపత్రం అడగకుండా నమ్ముతారు. ఆ నమ్మకమే ఆ పదవికి పెట్టుబడి.

ప్రశ్న: నా భర్తను చంపినవారిపై కేసు సెషన్స్ కోర్టులో నడిచింది. మధ్యలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ మారారు, సాక్షులు ఎదురు తిరిగారు, వారిని గట్టిగా ప్రశ్నించినవారు లేరు. కేసు కొట్టివేశారు. పీపీ మా వకీలే కదా, మాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఇప్పుడు నేను ఏం చేయగలను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా చేయగలిగింది చెబుతాను. నిందితులను విడుదల చేసిన తీర్పుపై అప్పీలు చేసే హక్కు బాధితులకే నేరుగా ఉంది, ప్రభుత్వం అప్పీలు చేస్తుందా లేదా అని ఎదురుచూడనక్కరలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 372వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 413వ సెక్షన్. చట్టం చెప్పే ‘బాధితులు’ అనే మాటలో మరణించినవారి వారసులు కూడా వస్తారు కాబట్టి భార్యగా మీరు అర్హులు. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టులో అప్పీలు వేయాలి. తీర్పు నకలు కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి, ఆలస్యం చేయకండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

ఇక పీపీ మీ వకీలా అన్న ప్రశ్న. మన కోర్టు ఆవరణల్లో బాధితులు ‘మా పీపీ’ అంటారు, పోలీసులూ ‘మా పీపీ’ అంటారు. చట్టం దృష్టిలో ఆయన ఇద్దరివాడూ కాడు. ఎలాగైనా శిక్ష పడేలా చేయాలన్న దాహం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఉండకూడదని శివకుమార్ కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. నిందితుడికి అనుకూలమైన వాస్తవం ఉంటే దాన్ని కూడా కోర్టు ముందు పెట్టాలి. ఇది మంచి సూత్రమే. కానీ ఈ సూత్రాన్ని చాటు చేసుకుని, ఎదురు తిరిగిన సాక్షిని నాలుగు ప్రశ్నలతో వదిలేయడం తటస్థత కాదు, పని ఎగ్గొట్టడం. అసలు జరిగిందేమిటో సాక్షుల వాంగ్మూలాల్లో కనిపిస్తుంది. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పినదానికీ ఉన్న తేడాలను పీపీ ఒక్కొక్కటిగా చూపించి ప్రశ్నించారా, లేక ‘నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు’ అనే ఒక్క సూచనతో ముగించారా? మీ అప్పీలుకు అదే ప్రాణం. మీ కొత్త న్యాయవాదికి ముందుగా ఆ కాగితాలు చూపించండి.

ఇలాంటి వైఫల్యంపై సుప్రీంకోర్టు 2014 జనవరి 7న, గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో గట్టి ఆదేశం ఇచ్చింది. ఆరేళ్ల పాపపై జరిగిన ఘోరం కేసులో దర్యాప్తు, ప్రాసిక్యూషన్ లోపాల వల్ల నిందితుడు బయటపడ్డాడు. కేసులు వీగిపోయిన ప్రతిసారీ ఎందుకు వీగిపోయాయో పరిశీలించడానికి పోలీసు, ప్రాసిక్యూషన్ శాఖల సీనియర్ అధికారులతో ప్రతి రాష్ట్రంలో స్థాయీ సంఘం ఉండాలని, తప్పు దర్యాప్తు అధికారిదైతే ఆయనపై, ప్రాసిక్యూటర్‌దైతే ఈయనపై శాఖాపరమైన చర్య తీసుకోవాలని ఆ తీర్పు చెప్పింది. మీ కేసు తీర్పును ఆ సంఘం పరిశీలించిందా, ఏం తేల్చింది అని హోం శాఖకు, ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఆ తీర్పు వచ్చి పదేళ్లు దాటింది కాబట్టి, ‘అలాంటి సంఘం ఏదీ లేదు’ అనే జవాబు వచ్చినా అది మీ అప్పీలుకు పనికివచ్చే కాగితమే.

ఇది చదువుతున్న ఇతర బాధిత కుటుంబాలకు ఒక మాట. కేసు నడుస్తుండగానే, ప్రాసిక్యూషన్‌కు సహాయంగా సొంత న్యాయవాదిని పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగవచ్చు. కొత్త చట్టంలో అది 18వ సెక్షన్‌లో ఉంది. ఆ న్యాయవాది పీపీ స్థానంలో కూర్చుని కేసు నడపలేరు కానీ, అడగవలసిన ప్రశ్నలు రాసి ఇవ్వగలరు, వాదనలు లిఖితపూర్వకంగా ఇవ్వగలరు. వెనుక బెంచీలో ఒక మనిషి నోట్సు రాసుకుంటున్నాడని తెలిస్తే ముందు బెంచీలో పని వేరుగా ఉంటుంది.

ప్రశ్న: అధికారంలోకి రాగానే తమ నాయకులపై కేసులను ప్రభుత్వం ఉపసంహరించుకుంటుంది. పీపీ దానికి తల ఊపుతారు. దీనికి అడ్డు లేదా?

జవాబు: ఉంది, ఈమధ్య గట్టిపడింది కూడా. ఉపసంహరణ నిర్ణయం చట్టరీత్యా పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ది. జీవో వచ్చింది కాబట్టి సంతకం పెట్టాననడం కుదరదు, తన బుర్ర పెట్టి ఆలోచించాలి. దానికి కోర్టు అనుమతీ కావాలి. 2015లో కేరళ శాసనసభలో బడ్జెట్ రోజున కుర్చీలు, మైకులు విరగ్గొట్టిన శాసనసభ్యులపై కేసు ఉపసంహరించుకుంటామని ఆ రాష్ట్ర ప్రభుత్వం అడిగితే 2021 జూలైలో సుప్రీంకోర్టు కాదన్నది. మరుసటి నెలలోనే, ప్రస్తుత, మాజీ ఎంపీలు, ఎమ్మెల్యేలపై ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని ఆదేశించింది. కొత్త సంహితలోని 360వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకు అనుమతి ఇవ్వరాదని చెప్పింది. అంటే మీరు బాధితులైతే, మీకు నోటీసు లేకుండా జరిగిన ఉపసంహరణను సవాలు చేయవచ్చు.

ప్రశ్న: ప్రభుత్వ ప్లీడర్ల నియామకాలన్నీ పార్టీ కార్యకర్తలకు పంచే పదవులుగా మారాయి. దీన్ని అడ్డుకునే తీర్పు ఏదైనా ఉందా?

జవాబు: 2016 మార్చి 30న బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. ప్రభుత్వ న్యాయవాదుల నియామకం పాలకుల సొంత ఇష్టం కాదని, ఆ ఫీజు ప్రజాధనం కాబట్టి అర్హతను చూసి పారదర్శకంగా ఎంపిక చేయాలని చెప్పింది. పంజాబ్, హర్యానాలకు ఎంపిక సంఘం వేయమని ఆదేశించి, ఇతర రాష్ట్రాలూ తమ పద్ధతిని సంస్కరించుకుంటే మంచిదన్నది. ‘మంచిది’ అన్నదాన్ని మన ప్రభుత్వాలు ఎలా తీసుకుంటాయో మీకు తెలుసు. నియామకపు జీవో ఇప్పటికీ చాలాసార్లు రెండు మూడు పంక్తుల్లోనే ఉంటుంది. ఫలానా న్యాయవాదిని ఫలానా కోర్టుకు నియమించడమైనది అని మాత్రమే రాస్తారు. ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎవరు పరిశీలించారు, ఈయనే ఎందుకు అన్న ప్రశ్నలకు అందులో చోటు ఉండదు. నన్ను అడిగితే, మన కోపమంతా కోర్టులో తడబడిన ప్లీడరు మీద కాకుండా ఆ జీవో మీద ఉండాలి.

ప్రశ్న: అడ్వకేట్ జనరల్‌ను విమర్శిస్తూ రాస్తే కోర్టు ధిక్కారం అవుతుందా?

జవాబు: కాదు. ఆయన కోర్టులో నిలబడే అధికారి, ఆయనే కోర్టు కాడు. ఆయన వాదనను, పదవిలోని పనితీరును విమర్శించవచ్చు. లంచం తీసుకున్నారని ఆధారం లేకుండా రాస్తే మాత్రం పరువు నష్టం కేసు రావచ్చు.

ప్రశ్న: అటార్నీ జనరల్ ప్రభుత్వానికి ఇచ్చిన సలహాను, తీసుకున్న ఫీజును సమాచార హక్కు కింద అడగవచ్చా?

జవాబు: అటార్నీ జనరల్ కార్యాలయాన్నే నేరుగా అడగడానికి ప్రస్తుతం దారి లేదు. ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2015 మార్చిలో ఆ కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని చెప్పింది కానీ, 2017 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును రద్దు చేసింది. ప్రభుత్వంతో ఆయన సంబంధం న్యాయవాదికీ కక్షిదారుకూ ఉండే సంబంధమే అన్నది ఆ ధర్మాసనం ఉద్దేశం. ఆ తర్కం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. రాజ్యాంగం పేరు పెట్టి సృష్టించిన పదవిని, వకాల్తా పుచ్చుకున్న ప్రైవేటు వకీలుతో సమానం చేయడం ఎలా కుదురుతుంది?

సలహా దాచితే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. ఇరాక్ యుద్ధానికి ముందు, 2003 మార్చి 7న అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ ప్రధానికి ఇచ్చిన సలహాలో ఎన్నో సందేహాలున్నాయి. పది రోజుల తర్వాత పార్లమెంటుకు అందిన క్లుప్తమైన జవాబులో ఆ సందేహాల జాడే లేదు, యుద్ధం చట్టబద్ధమే అని ఉంది. మొదటి పత్రం ప్రజల చేతికి వచ్చింది 2005 ఏప్రిల్‌లో, అదీ లీకైన తర్వాత. అప్పటికి యుద్ధం జరిగి రెండేళ్లు.

ఫీజు సంగతి వేరు. సొమ్ము చెల్లించే న్యాయశాఖ గానీ, కేసు వేసిన శాఖ గానీ సమాచార హక్కు కిందికి వస్తాయి కాబట్టి అక్కడ అడగాలి. ప్రశ్నను ‘ఎంత తిన్నారు’ అన్నట్టు కాకుండా, ‘ఫలానా రిట్ నంబరులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు న్యాయవాదులకు చెల్లించిన మొత్తం, చెల్లింపు ఉత్తర్వుల నకళ్లు’ అని రాయండి. మన రాష్ట్రాల్లో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు రుసుము. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

ప్రశ్న: ప్రభుత్వ న్యాయవాది లంచం అడిగితే, లేదా ఎదుటి పక్షంతో చేతులు కలిపితే ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

జవాబు: లంచం అయితే ఏసీబీకి. ప్రజా విధి నిర్వహణకు ప్రభుత్వం నుంచి ఫీజు తీసుకునేవారు కూడా 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంటే కాబట్టి, ‘నేను ఉద్యోగిని కాను, న్యాయవాదిని’ అనే సాకు చెల్లదు. డబ్బు ఇచ్చిన తర్వాత కాకుండా, అడిగిన వెంటనే వెళ్లండి.

ఎదుటి పక్షంతో కుమ్మక్కు అయితే, న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. క్రమశిక్షణ సంఘం మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, రోల్ నుంచి, అంటే న్యాయవాదుల జాబితా నుంచి, పేరు తీసేయవచ్చు. ఏడాదిలోగా తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. రాష్ట్ర అడ్వకేట్ జనరల్ ఆ బార్ కౌన్సిల్‌లో పదవి రీత్యా సభ్యుడు. క్రమశిక్షణ విచారణ జరిగే ప్రతిసారీ నోటీసు ఇవ్వవలసిన వ్యక్తి కూడా ఆయనే. ఫిర్యాదు ఆయన కింద పనిచేసే ప్లీడరు మీదైతే ఏ హోదాలో మాట్లాడాలో ఆయనకే ఇబ్బంది. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆ నోటీసును ఆయన ఏ హోదాలో అందుకోవాలో చట్టం రాసినవారు ఆలోచించినట్టు లేదు. అందువల్ల అలాంటి ఫిర్యాదు పంపేటప్పుడు, తేదీలు, కేసు నంబరు, డాకెట్ ఆర్డర్ల నకళ్లు జతచేసి, ఒక ప్రతి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు కూడా పంపి, రెండు రసీదులూ దాచుకోండి. ఏడాది గడువు లెక్కించేది ఫిర్యాదు అందిన తేదీ నుంచే.